మా పిన్ని ఇచ్చిన చదువు రొట్టె

మా పిన్ని పెద్దకర్మ అయిన మర్నాడు వంటింటి అటక మీది సామాను దించాం. ఒక రేకు డబ్బాలో చపాతీ పీట, కర్ర, జల్లెడ ఉన్నాయి. మూడింటినీ కలిపి పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టింది. గుడ్డ ముడి విప్పగానే కాలిన గోధుమపిండి, నెయ్యి, బెల్లం కలిసిన జిడ్డు వాసన గుప్పున కొట్టింది. మా చెల్లెలు "అబ్బ, కడిగేస్తా ఉండు" అని చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు.

ఆ సామాను ఏడాదికి ఒక్కసారే కిందికి దిగేది. మా చిన్నప్పుడు నెల్లూరు ఇళ్లల్లో చపాతీలెక్కడివి? పొద్దున్నే చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, పులుసు, రాత్రికి మళ్లీ అన్నం. ఇంట్లో గోధుమపిండి కలిపారంటే రొట్టెల పండగ వచ్చిందనే అర్థం.

తెలియని వాళ్లకు చెప్తాను. నెల్లూరు చెరువును స్వర్ణాల చెరువు అంటారు. దాని గట్టున బారాషహీద్ దర్గా ఉంది. పన్నెండు మంది అమరుల సమాధులవి. కొడవలూరు దగ్గర గండవరంలో జరిగిన యుద్ధంలో వాళ్ల తలలు తెగాయని, గుర్రాలు ఆ మొండేలను మోసుకుంటూ ఈ చెరువు దాకా వచ్చాయని పెద్దలు చెప్పేవాళ్లు. మొహర్రం నెలలో అక్కడ పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలోకి దిగి రొట్టె అడిగి పుచ్చుకుంటారు. అది తీరితే మరుసటేడు వచ్చి, అదే కోరికతో నిలబడ్డ వాళ్లకు రొట్టె ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్యం రొట్టె. విదేశీ రొట్టె తర్వాత్తర్వాత వచ్చి చేరింది.

దీని పుట్టుక గురించి మా వీధిలో చెప్పుకునే కథ ఇంకొకటుంది. బట్టలుతికే దంపతులు రాత్రి చెరువు గట్టునే పడుకుంటే, అమరులు ఆ ఇల్లాలి కలలోకి వచ్చారట. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బుగా ఉంది, మా సమాధి మట్టి తీసుకెళ్లి ఆమె నొసట పెట్టండి, నయమవుతుంది అన్నారట. అట్లాగే అయిందట. నవాబు దంపతులు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, తెచ్చుకున్న రొట్టెల్ని అక్కడున్నవాళ్లతో పంచుకుని తిన్నారట. ఇందులో చరిత్ర ఎంతో, కథ ఎంతో విడదీసే పని నాది కాదు. చిన్నప్పుడు నా మనసులో నాటుకున్నది మాత్రం బట్టలుతికే ఆవిడ చేత్తో పెట్టిన మట్టికి నవాబు భార్య తల వంచడం.

* * *

మొహర్రం అధికమాసం లేని చంద్రమానం లెక్కలో వస్తుంది కాబట్టి ఏడాదికి పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు రుతువులన్నీ చుట్టి వస్తుంది. నాకు ఊహ తెలిసేసరికి అది సరిగ్గా మా వానాకాలంలో పడేది. నెల్లూరుకు వానలంటే దీపావళి ముందూ వెనకా వచ్చే తుఫాన్లే కదా. పెన్నా నీళ్లు దిగి చెరువు గట్టు దాకా నిండి ఉండేది. దర్గామిట్టలో మా ఇంటి నుంచి నడిచే పోయేవాళ్లం. తడిసిన మట్టి, ఊదుబత్తి పొగ, మల్లెపూల చాదర్లు, చెరుగ్గడల బండ్లు. గంధం ఊరేగింపు రాత్రి కోటమిట్ట వైపు నుంచి వచ్చే తప్పెట్ల మోత వినపడేది. మంచం మీద పడుకున్న మా తాత లేచి కూర్చుని, అది మళ్లీ సద్దుమణిగేదాకా పడుకునేవాడు కాదు.

నీళ్లలో ఆ కేకలు వినాలి. మోకాళ్ల లోతులో నిలబడి, తల మీద కొంగు కప్పుకుని, ఆడవాళ్లు గొంతెత్తి అడిగేవాళ్లు. "సంతానం రొట్టె ఎవురి దగ్గరుండాది?" "పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె!" మగవాళ్లు నెత్తిన చేతిరుమాలు వేసుకుని, కొంచెం సిగ్గుగా, "ఉద్యోగం" అనేవాళ్లు. ఇంట్లో గుసగుసగా కూడా బయటపెట్టని మాటలవి. పిల్లలు లేరనో, కూతురికి సంబంధం కుదరలేదనో, మొగుడికి పని పోయిందనో ఇరుగుపొరుగుకు తెలిస్తే పరువు తక్కువని గుంభనంగా దాచుకున్న కుటుంబాలు. ఆ ఒక్కరోజు అందరూ ఒకే నీళ్లలో నిలబడి తమకేం లేదో నోరు తెరిచి చెప్పేవాళ్లు. పక్కనున్న వాళ్లకూ ఏదో ఒకటి లేదు, అందుకే ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

తర్వాత ఆసుపత్రిలో ఎన్నేళ్లు పనిచేసినా ఈ సంగతి నాకు గుర్తొస్తూనే ఉండేది. మనిషి తన బాధను పైకి చెప్పడానికి ఎంత తంటాలు పడతాడో నర్సులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

* * *

మా పిన్నికి పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు పుట్టలేదు. మద్రాసు డాక్టర్లకు చూపించారు, తిరుమలలో మొక్కారు. పక్కింటి ఖాలా ఒకరోజు వచ్చి, "రావే పాపా, నా ఎంట రా, ఎందుకు రాదో చూద్దాం" అని పిన్నిని వెంటబెట్టుకుని చెరువుకు తీసుకెళ్లింది. అప్పటినుంచి ఏటా పోయేది పిన్ని. నేను కొంగు పట్టుకుని వెంట పోయేదాన్ని. సంతానం రొట్టె పుచ్చుకుని, అక్కడే ఒక ముక్క తిని, నాకొక ముక్క పెట్టి, తడి చీరతో ఇంటికొచ్చేది. మరుసటేడు మళ్లీ అంతే.

తీరని కోరికల మాట ఎవరూ రాయరు. పండగ గురించి పేపర్లలో ఎప్పుడూ తీరినవాళ్ల కథలే వస్తాయి. మా పిన్ని కోరిక తీరలేదు. ఆమె ఒక్కతే కాదు, అట్లాంటి వాళ్లు ఆ నీళ్లలో చాలామంది ఉండేవాళ్లు. ఏటా అదే చోట నిలబడే ముఖాలు ఒకరికొకరు గుర్తుపట్టుకునేవాళ్లు. "ఏమ్మా, ఈ ఏడు కూడానా?" "ఆఁ, ఈ ఏడు కూడానే." అంతవరకే. తర్వాత ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బురదలోంచి గట్టెక్కేవాళ్లు.

కొన్నేళ్లకు పిన్ని పోవడం మానేసింది. కోపం కాదు, అలిసిపోయింది. పండగ రోజుల్లో తలుపు దగ్గరేసుకుని కూర్చునేది.

నాకు నర్సింగు ట్రైనింగులో సీటు వచ్చిన ఏడు, పిన్ని ఎవరికీ చెప్పకుండా గోధుమపిండి తెప్పించింది. ఆ ఏటికి పండగ జరిగి జరిగి ఎండల్లోకి వచ్చేసింది. చెరువు వెనక్కి పోయి, నీళ్ల దాకా పోవాలంటే పాదాలు దిగబడే బురద దాటాలి. మధ్యలో బెల్లం ముద్ద పెట్టి ఒత్తిన రొట్టెల్ని పళ్లెంలో పేర్చి, పైన గుడ్డ కప్పి, "పద" అంది.

"ఏ రొట్టె పిన్నీ?"

"చదువు రొట్టె. నీకు సీటొచ్చింది గదా."

"నేను అడిగి తీసుకోలేదు గదా."

"నీ కోసరం నేను మనసులో అనుకున్నాలే."

దారిలో ఖాలా ఎదురైంది. పిన్నికి ఉన్నట్టుండి సందేహం వచ్చింది. తీరిన కోరిక తనది కాదు, కన్నబిడ్డదీ కాదు, ఇవ్వొచ్చా అని అడిగింది. ఖాలా పళ్లెం మీది గుడ్డ ఎత్తి చూసి, "బెల్లం బాగా పెట్టినావా లేదా, అది చెప్పు ముందు" అని, తనూ చెప్పులు విడిచి మాతో నీళ్లలోకి దిగింది. పిన్ని గొంతెత్తి "చదువు రొట్టె!" అని అరిచింది. అన్నేళ్లుగా అడగడమే తప్ప ఇవ్వడం తెలియని గొంతు. కావలి వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, పదో తరగతి తప్పిన కొడుకును ముందుకు తోశాడు. వాడి నెత్తిన తువ్వాలు సర్ది పిన్ని రొట్టె చేతిలో పెట్టింది. వాళ్లది ఏ కులమో, ఏ మతమో ఆమె అడగలేదు, వాళ్లూ అడగలేదు.

ఆ తర్వాత పిన్ని ఏ పండగా తప్పలేదు. వీధిలో ఎవరింట్లో మంచి జరిగినా వాళ్ల రొట్టె తనే చేసేది. ఎదురింటి అబ్బాయికి ఆర్టీసీలో పని వచ్చినా, పాలామె కూతురు సుఖంగా ప్రసవించినా, రొట్టెలు పిన్ని పెనం మీద కాలేవి. దేవుడు ఆమె అడిగింది ఇవ్వలేదు. కానీ ఇచ్చేవాళ్ల వరసలో నిలబడే చోటు ఆమెకు దొరికింది. ఆమె ముఖంలో ఆ తేడాను నేను దగ్గరుండి చూశాను. మనోవైద్యం పుస్తకాల్లో నేను చదువుకున్నదేదీ దాన్ని పూర్తిగా చెప్పలేకపోయింది.

* * *

ఉద్యోగంలో చేరాక నాకు వార్డే లోకమైంది. రోగి మంచం పక్కన స్టూలు మీద ఏం ఉందో చూస్తే ఆ ఇల్లు తెలిసిపోయేది. మందుసీసా పక్కన విభూతి పొట్లం, చర్చిలో ప్రార్థన చేయించి తెచ్చిన నూనె, దర్గా తాయెత్తు. కొన్ని స్టూళ్ల మీద ఇవన్నీ ఒక్కరికే ఉండేవి. కొత్తగా వచ్చిన నర్సులు తుడిచేటప్పుడు విసుక్కునేవాళ్లు. మా హెడ్ సిస్టర్ ఊరుకునేది కాదు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కే ముందు బైబిలు చదువుకునే మనిషి ఆవిడ. "గాయం మీద మాత్రం ఏదీ పుయ్యనీకండి, నోట్లో ఏం పోసినా నాకు చెప్పమనండి. మిగతావి కదిలించొద్దు" అనేది. ఇంత సులువైన గీత ఇంకెవరూ గీసి చూపించలేదు నాకు.

కార్తీకమాసం వస్తే అయ్యప్ప మాలలు మొదలయ్యేవి. తాగుడుతో కాలేయం చెడి, కడుపుబ్బి, ఏడాదంతా వస్తూపోతూ ఉండే మనుషుల్లో కొందరు ఆ రోజుల్లో కనపడేవాళ్లు కాదు. నలభై ఒక్క రోజుల మండలం. చన్నీళ్ల స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, మందు ముట్టకపోవడం, ఎదురైన ప్రతివాణ్ణీ "స్వామీ" అని పిలవడం. నిన్నటిదాకా "ఒరేయ్ తాగుబోతూ" అన్న నోళ్లే ఇవాళ "స్వామీ" అంటుంటే, ఆ మనిషి వెన్ను కొంచెం నిటారుగా నిలిచేది.

దీనికి ఇంకో వైపూ చూశాను. బాగా తాగుడుకు అలవాటైనవాడు ఒక్కసారిగా మానేస్తే రెండో రోజుకో మూడో రోజుకో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనిపిస్తారు. అది ప్రాణాపాయం. ఒక రాత్రి అట్లా ఒక కన్నెస్వామిని నలుగురు పట్టుకుని తెచ్చారు. నల్లబట్టలు, మెడలో మాల. గోడ మీద పులి కూర్చుందని అరుస్తున్నాడు. స్వామి పరీక్ష పెడుతున్నాడని, విభూతి పెడితే తగ్గుతుందని ఇంట్లో ఒకటిన్నర రోజు ఆపారు. భార్య నా చేతులు పట్టుకుని, "సూది వేస్తే దీక్ష చెడిపోతుందేమో సిస్టర్" అంది.

ఆయన్ను దీక్షలో పెట్టిన గురుస్వామికి కబురు పంపాం. రిక్షాలో వచ్చాడు పెద్దాయన, మామూలు పాల వ్యాపారి. రోగి తల మీద చెయ్యేసి శరణం చెప్పి, మా డాక్టరు వైపు తిరిగి, "మీ పని మీరు చెయ్యండి. ఒంటిని చంపుకోమని అయ్యప్ప చెప్పలేదు" అన్నాడు. వణుకు తగ్గించి నిద్రపుచ్చే మందులు, విటమిన్ బీ1 ఇంజెక్షన్లు పడ్డాయి. వారం తిరిగేసరికి ఆ మనిషి మాలతోనే నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

మాల తీసిన సాయంత్రమే మళ్లీ సీసా పట్టేవాళ్లు ఎక్కువ. ఆ సంగతి ఆ గురుస్వామికి మా కంటే బాగా తెలుసు. శబరిమల నుంచి వచ్చాక కూడా ఆ మనిషిని వదల్లేదు. గుళ్లో సాయంత్రం వంట పని అప్పజెప్పాడు. తాగే వేళకు చేతిలో గరిటె ఉండాలని ఆయన లెక్క. తర్వాత చాలా ఏళ్లు ఆ మనిషి మా ఆసుపత్రికి రోగుల పక్కనుండే వాళ్ల కోసం పులిహోర బేసిన్లు మోసుకొచ్చేవాడు.

* * *

విశ్వాసం గురించి మంచిమాటలే రాసి ఊరుకోవడం నాకు చేతకాదు. చిన్నప్పుడు ఒక మొక్కు కోసం ఇంకో దర్గాకు పోయినప్పుడు వేపచెట్టుకు గొలుసుతో కట్టేసిన ఆడమనిషిని చూశాను. పిచ్చి తగ్గాలని ఇంటివాళ్లు వదిలేసి పోయారట. చీలమండ దగ్గర చర్మం లేచిపోయి ఈగలు వాలుతున్నాయి. పిన్ని నా కళ్లు మూసింది గానీ అప్పటికే చూసేశాను.

2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగుల్ని ఉంచే పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక ఇరవై ఎనిమిది మంది చనిపోయారు. ఆ రోజు డ్యూటీ రూములో పేపరు చదివి మేమెవరం అన్నం తినలేదు. నా కళ్ల ముందు ఆ వేపచెట్టే. సుప్రీంకోర్టు తనంతట తాను ఆ కేసు తీసుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక మానసిక రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం. అయినా ఏ ఊళ్లోనైనా, ఏ మతం గడప ముందైనా అట్లాంటి దృశ్యం కంటపడితే, ఇది భక్తి కాదని గట్టిగా చెప్పాలి.

అట్లాగని గుడినీ దర్గానీ వదిలేసి నేరుగా ఆసుపత్రికి రమ్మంటే జనం రారు. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్లో మీరాదాతార్ దర్గా ఉంది. అక్కడ మానసిక వైద్యులు దర్గా దగ్గరే కూర్చుని, దర్గా చూసుకునే ముజావర్లకు జబ్బు గుర్తుపట్టడం నేర్పారు. దువా చేసిన చేత్తోనే వాళ్లు రోగిని డాక్టరు గదికి పంపుతారు. దవా అంటే మందు, దువా అంటే ప్రార్థన, రెండూ ఒకే ఆవరణలో. దీని గురించి చదివినప్పుడు మా హెడ్ సిస్టర్, పాల వ్యాపారి గురుస్వామి, ఇద్దరూ గుర్తొచ్చారు. ఎవరూ చెప్పకుండానే వాళ్లు చేసిన పని ఇదే.

* * *

రొట్టెల పండగ ఇప్పుడు పెద్దదైంది. 2015లో రాష్ట్ర పండగ అయింది. ఘాట్లు కట్టారు, షవర్లు పెట్టారు, ఏ రొట్టె ఎక్కడో బోర్డులు పెట్టారు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులున్నాయి, మా కాలంలో తడి చీరలతో వణుకుతూ ఇంటికొచ్చేవాళ్లం. ఈ సౌకర్యాలు నాకు సంతోషమే. రొట్టెలు కూడా గట్టు మీద కొనుక్కోవచ్చు. అది మాత్రం నాకు నచ్చదు. పిండి తడిపి, ఒత్తి, కాల్చేంతసేపు ఎవరికో ఇవ్వబోతున్నామని మనసు అనుకుంటూ ఉంటుంది. కొన్న రొట్టెలో ఆ కాసేపు ఉండదు.

2020లో కరోనాకు జనాన్ని చెరువు దగ్గరికి రానివ్వలేదు. పిన్ని అప్పుడు కూడా రొట్టెలు చేసి, వీధిలో ఇంటింటి గేటుకు సంచిలో తగిలించి వచ్చింది.

మా బంధువుల పిల్ల ఒకతె ఈమధ్య ఫోన్లో, "మనవాళ్లు అక్కడికెందుకు పోవాలి పెద్దమ్మా?" అని అడిగింది. ఎవరో ఎక్కడో నూరిపోసిన ప్రశ్న అది. ఆ పిల్ల తండ్రికి ఉద్యోగం వచ్చిన ఏడు వాళ్ల నానమ్మ ఇదే చెరువులో నిలబడి రొట్టె ఇచ్చింది. ఆ మాటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రొట్టె ఎవరికిచ్చింది?" అని అడిగింది. గూడూరు నుంచి వచ్చిన ఒక దర్జీకి అని చెప్పాను.

* * *

పోయినేడాది పిన్ని తుంటి ఆపరేషను అయి కోలుకుంటూ ఉంది. నడవలేక నన్ను పంపింది. "ఆరోగ్యం రొట్టె, ఇచ్చేసి రా. కవర్లో పెట్టొద్దు, పళ్లెంలోనే తీసుకపో" అని నాలుగుసార్లు చెప్పింది.

ఘాటు దగ్గర ఇంటర్ చదివే వయసు పిల్ల ఒకతె ఒక్కతే నిలబడి, అన్ని బోర్డులూ చదువుతూ అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏ రొట్టె కావాలమ్మే నీకు?"

"నాకు కావాల్సిన దానికి బోర్డు లేదాంటీ. మా నాయన తాగుడు మానాల."

"ఆరోగ్యమే గదా అది. దా."

నీళ్లలోకి దిగాం. చున్నీ నెత్తిన కప్పుకుంది. పిన్ని రొట్టె ఆమె చేతిలో పెట్టి, ఇద్దరం ఒక ముక్క తిన్నాం. ఏడ్చింది. ఏడవనిచ్చాను. గట్టెక్కాక చేతులు తుడుచుకుని, నా సంచిలో పెన్ను తీసి, చీటీ మీద పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఎక్కడుంటుందో రాసిచ్చాను. నాన్నను ఒక్కసారిగా ఇంట్లోనే మాన్పించొద్దని, వణుకుడు వస్తే క్షణం ఆగకుండా తీసుకురమ్మని చెప్పాను. రానంటే నువ్వొక్కదానివే వచ్చి డాక్టరుతో మాట్లాడు, అది కూడా వైద్యమే అన్నాను.

చీటీ చదువుకుని, రొట్టె మిగిలిన సగంతో పాటు రుమాల్లో మడిచి పెట్టుకుంది.

"ఆయన పొద్దున పూటే మంచిగుంటాడు ఆంటీ. ఎన్నింటికి తెరుస్తారు?"

"తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకే వచ్చి చీటీ రాయించుకోండి, వరస పెద్దదిగా ఉంటుంది."